మూడు టన్నుల వంతెన

ఆగస్టు నెలాఖరు. కోర్టుహౌస్ రెండో అంతస్తులో
ఫ్యాను ఒక రెక్క లేకుండానే తిరుగుతోంది.
ఆ రెక్కకి పద్దు లేదు.
ఇరవై ఆరేళ్లుగా ఇదే కుర్చీలో కూర్చుని
టాల్మన్ కౌంటీ జమాఖర్చులు రాస్తున్నాను,
నేను, లవోన్ కుచెరా, క్లర్కుని.

రాజధాని నుంచి కవరొచ్చింది.
కాగితం మందపాటిది, మేం కొనలేని రకం.
లోపల మూడే వాక్యాలు:
కొత్త ట్రాక్టర్లకీ కోత మిషన్లకీ ఇక పన్ను లేదు.
మీకు తగ్గిన రాబడిని రాష్ట్రం పూడుస్తుంది.
నిధులు ఉన్నంత మేరకు.

మూడో వాక్యం దగ్గర నా పెన్సిల్ ముల్లు విరిగింది.

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు
రెండు వందల మైళ్ల అవతల, చలువరాతి హాల్లో
మా రాబడిని చప్పట్ల మధ్య పంచిపెట్టారు.
టీవీలో చూశాను. అందరూ లేచి నిలబడ్డారు కూడా.
పన్ను తగ్గించిన పేరు వాళ్లకి,
కంకర తగ్గించిన పేరు మాకు.

మా జైల్లో ఆరుగురు రాష్ట్రం ఖైదీలు.
అక్కడ చోటు లేదట, ఇక్కడ ఉంచమన్నారు.
తలకి రోజుకి ముప్పై ఎనిమిది డాలర్లిస్తారు,
అయ్యేది తొంభై రెండు.
పోయిన నెల వాళ్లలో ఒక కుర్రాడు
దవడ పట్టుకుని రాత్రంతా ఏడిచాడు.
పన్ను పీకించాం.
ఆ పన్ను ఖర్చు కూడా ఈ పన్నుల్లోంచే.
నవ్వొచ్చింది, తర్వాత రాలేదు.

పెంచుదామా అంటే గీత గీసి పెట్టారు:
వందకి యాభై సెంట్లు, ఆపైన ఒక్క సెంటు కుదరదు.
నలభై తొమ్మిది పాయింట్ ఏడు దగ్గర
నాలుగేళ్లుగా మునివేళ్ల మీద నిలబడి ఉన్నాం.

బడ్జెట్ విచారణ అని పేపర్లో వేయించాను.
నలభై కుర్చీలు వేశాం. ఒక్కడొచ్చాడు.
ఎమిల్ హ్రుష్కా, ఏటా వచ్చేవాడే,
చంకలో ఫ్లాస్కు, చేతిలో నోటీసు.
"ఎకరం కొన్లేదు, ఎకరం అమ్మలేదు.
అదే మన్ను, అదే గాలి, మొక్కజొన్న ధర కిందటేడు కంటే తక్కువ.
రాత్రికి రాత్రి నా భూమి విలువ
ఎవడు పెంచాడమ్మా?"
ముగ్గురు కమిషనర్లూ బల్ల వైపు చూశారు.
జవాబు నాకు తెలుసు.
అది పదకొండు పేజీల ఫార్ములా,
అందులో ఎమిల్ అనే మాట ఎక్కడా లేదు.
"రాసుకున్నానండీ" అన్నాను.
అది నిజమే. రాసుకోవడమే నా ఉద్యోగం.

ప్లమ్ క్రీక్ వంతెన సంగతి చివరి అంశం.
బోర్డు మీద మొదట పది టన్నులుండేది.
తర్వాత అయిదు.
జూన్‌లో డ్వేన్ స్టకీ నిచ్చెనేసుకుని వెళ్లి
అయిదుని చెరిపి మూడు రాసొచ్చాడు.
ఈ ఏడాది ఆ వంతెనకి మేం చేసిన మరమ్మతు అదొక్కటే,
ఒక డబ్బా రంగు, అరపూట కూలి.

స్కూలు బస్సు మూడు టన్నుల్లో ఇమడదు.
మొన్న నాలుగింటికి అటుగా వెళుతూ ఆగాను.
ఒడ్డు ఇవతల బస్సు నిలిచింది.
అయిదుగురు పిల్లలు దిగి
సంచులు వీపున వేసుకుని, వరసగా,
పలకలు కిర్రుమంటుంటే లెక్కపెడుతూ దాటారు.
ఒక పిల్ల మధ్యలో ఆగి నీళ్లలోకి ఉమ్మి
అది ఎంత దూరం పోతుందో చూసింది.

అవతల ఒక పాత పికప్ ఆగి ఉంది.
తలుపు తెరిచి పట్టుకుని ఎమిల్.
ఆ పిల్లలెవరూ అతని మనవలు కారు.
నన్ను చూసి చెయ్యెత్తలేదు.
వంగి, బూటు మడమతో
ఒక పలకని తన్ని చూశాడు,
తల అడ్డంగా ఊపాడు,
పిల్లల్ని ఎక్కించుకున్నాడు.

పెట్రోలు ఎవరిస్తున్నారో అడగలేదు.
ఆఫీసుకొచ్చి పెన్సిల్ చెక్కుకుని
రాయడానికి గడి వెతికాను.
జమలో పట్టదు, ఖర్చులో పట్టదు.
ఫ్యాను తిరుగుతూనే ఉంది,
లేని రెక్క దగ్గరికొచ్చేసరికి
ప్రతిసారీ చిన్నగా తడబడుతూ.